మధ్యాహ్నం అన్నం, అర్ధరాత్రి ఫ్రైడ్ రైస్

సంపాదకులకు నమస్కారం.

ఆమదాలవలసలో రాత్రి రైలు దిగి, ఆటో పట్టుకుని శ్రీకాకుళం చేరేసరికి హోటళ్లన్నీ షట్టర్లు దించేసి ఉంటాయి. ఆ వేళ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో, డే అండ్ నైట్ కూడలిలోనో దొరికే ఫ్రైడ్ రైస్ బండే దిక్కు. బండ్లను పదింటికే కట్టించేయాలని కొందరంటారు. పేరులోనే పగలూ రాత్రీ పెట్టుకున్న కూడలి ఉన్న ఊళ్లో అదేం న్యాయం? బండ్లు ఉండనివ్వండి. వాటి మీద అన్నం ఎప్పుడు వండిందో, వండాక ఎలా ఉంచారో చూడండి.

ఫ్రైడ్ రైస్‌కి మెతుకు పొడిపొడిగా ఉండాలి కాబట్టి మధ్యాహ్నమే వార్చి పెట్టుకుంటారు. అందులో తప్పులేదు. తప్పంతా వార్చాక జరుగుతుంది. పది కిలోల బియ్యం వండి, ఆ అన్నమంతా ఒకే డేగిసాలో కుప్పగా ఉంచి మూత పెడతారు. పైన తాకితే చల్లగానే ఉంటుంది. గరిటె లోపలికి దింపి చూడండి, సాయంత్రానికి కూడా నడిమధ్య గోరువెచ్చగా తగులుతుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు మామూలుగానే ఉంటాయి. అవి ఉడికించినా చావవు. గోరువెచ్చటి అన్నంలో మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం పెద్ద మంట మీద వేయించినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటే జనం చికెన్‌ని తిడతారు, సాస్‌ని తిడతారు. అన్నాన్ని ఎవరూ అనుమానించరు, వాసన కూడా మారదు మరి.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో పని కాదు. వార్చిన వెంటనే అన్నాన్ని వెడల్పాటి ట్రేల్లో రెండు వేళ్ల మందం మించకుండా పరిచి ఫ్యాను కింద పెట్టాలి. ఆవిరి పోగానే ఫ్రిజ్‌లోకో ఐసు పెట్టెలోకో ఎక్కించి 5 డిగ్రీల లోపు ఉంచాలి. ఆ వసతి లేని బండివాళ్లు రెండేసి కిలోల చొప్పున విడతలుగా వండుకోవాలి. వేడిగానే ఉంచుతామంటే 60 డిగ్రీలకు తగ్గకూడదు. మిగిలిన అన్నం పారబోయడానికి చెయ్యి రాదు, నిజమే. అందుకే తక్కువ వండడం మేలు.

నూనె సంగతి కొంత నయం, కంటికి కనిపిస్తుంది. పునుగులు వేయగానే పెద్ద బుడగలు లేచి అణిగిపోతే మంచి నూనె. సన్నటి నురుగు తెట్టుకట్టి మూకుడు అంచుదాకా పొంగుతున్నా, ఏమీ వేయకముందే పొగ వస్తున్నా, జల్లిగరిటె నుంచి జిగురుగా సాగుతున్నా దాని పని అయిపోయినట్టే. అందులో కొత్త ప్యాకెట్టు కలిపితే కొత్తదీ తొందరగా చెడుతుంది. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పుట్టే చెడు పదార్థాలను పోలార్ కాంపౌండ్లు అంటారు; అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదన్నది నిబంధన. చేతిలో పట్టే మీటరును నూనెలో ముంచితే ఆ అంకె అక్కడికక్కడే తెలుస్తుంది. అడుగున మాడే పిండి తునకలను ఎప్పటికప్పుడు తీసేసి, బేరం లేనప్పుడు స్టవ్ ఆర్పితే అదే నూనె ఇంకాస్త నిలుస్తుంది, గ్యాసూ మిగులుతుంది.

మంచూరియాకు ఆ ఎర్రరంగు అక్కర్లేదు. కర్ణాటక 2024లోనే గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. ఇక బజ్జీలు చుట్టిచ్చేది మీ పత్రికలోనే, ఏమనుకోకండి! వేడి నూనె తగిలితే సిరా బజ్జీకి అంటుకుంటుంది. 2018 ప్యాకేజింగ్ నిబంధనలు న్యూస్‌పేపర్‌లో తినుబండారాలు చుట్టవద్దన్నాయి. ఏజెన్సీ కొండల నుంచి వచ్చే అడ్డాకు విస్తరి ముక్క చాలదా?

బండి బేరం మొదలయ్యేదే చీకటి పడ్డాక. కాబట్టి తనిఖీ కూడా రాత్రి తొమ్మిది దాటాకే జరగాలి, వచ్చినవారి చేతిలో థర్మామీటరు, నూనె మీటరు ఉండాలి. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం కింద పట్టణ విక్రయ కమిటీలు ఉన్నాయి. రాత్రి బండ్లకు ఒకచోట కుళాయి, కాలువ, లైటు ఇప్పించే పని ఆ కమిటీ తలకెత్తుకుంటే, వంద ప్లేట్లు ఒకే బకెట్టు నీళ్లలో తిప్పే అవస్థ తప్పుతుంది. మొదటిసారి పట్టుబడిన బండికి జరిమానా వేయకుండా, అన్నం ట్రేలో ఎలా పరచాలో దగ్గరుండి చూపించి రావాలని మనవి.

— వంటపని తెలిసిన ఒక పాఠకుడు, శ్రీకాకుళం