కాలితే పేస్టు కాదు, నీళ్లు
విజయవాడ టిఫిన్ బండ్ల దగ్గర మరిగే నూనె పడి చేయి కాలితే ఇప్పటికీ ముందు పూసేది టూత్‌పేస్టో, సిరానో. ఆ పూతను ఆసుపత్రిలో గీకి తీస్తేగానీ గాయం లోతు తెలియదు, ఆ నరకం వేరు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసి, కాలినచోట 20 నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోయాలి. రెండు చెంబులతో ఆపేస్తే చర్మం లోపలి వేడి చల్లారదు. ఐసు అసలే వద్దు, రక్తప్రసరణ తగ్గి గాయం ముదురుతుంది. బొబ్బలు చిదమకుండా ఉతికిన నూలుగుడ్డ వదులుగా కప్పాలి. ముఖం కాలినా, అరచేయంత మేర మించినా 108కి ఫోన్ చేయాలి. చాలా బండ్లకు కుళాయే లేదు. నగరపాలక సంస్థ ప్రతి బండికీ కుళాయి ఉన్న 20 లీటర్ల నీళ్ల డబ్బా తప్పనిసరి చేయాలి; నిమిషానికి లీటరు చొప్పున సన్నగా వదిలితే అది సరిగ్గా సరిపోతుంది.
– ప్రథమ చికిత్స శిక్షకుడు, విజయవాడ