నీలం గీతల వెంట

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో మ్యాపు సంగతి సగంలోనే ఆగిపోయింది కదా, మిగతాది తీరిగ్గా రాస్తున్నా.

అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం అంటే అందరికీ వానలు, అడవులే గుర్తొస్తాయి. ఆగ్నేయ మూల హార్నీ కౌంటీ మాత్రం నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న ఎడారి, పశువుల మేత సీమ. 1950ల నాటి అక్కడి టోపో షీటు (నేల ఎత్తుపల్లాలూ వాగులూ చూపే మ్యాపు), పేరు 'అడెల్', అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యు.ఎస్.జి.ఎస్. వాళ్లు ఉచితంగానే ఇస్తున్నారు. అంగుళానికి దాదాపు నాలుగు మైళ్ల స్కేలు.

అందులో స్టీన్స్ కొండ చూడాలిరా నువ్వు! పడమటి వైపు కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) ఎడంఎడంగా, నింపాదిగా ఎక్కుతాయి. శిఖరం 9,733 అడుగులు. అది దాటామో లేదో, తూర్పున గీతలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గోధుమరంగు మరకైపోతాయి. కొన్ని మైళ్లలోనే అయిదు వేల అడుగులకు పైగా దిగి ఆల్వర్డ్ ఎడారిలో పడతాం. భూమి పగిలి, ఒక పక్క పైకి లేచిన కొండ అది.

నన్ను కట్టిపడేసింది మాత్రం నీలం రంగు. చాలా వాగులకి తెగుతూ తెగుతూ పోయే గీతే ఉంటుంది, అంటే కొన్నాళ్లే పారతాయన్నమాట, మన అనంతపురం వంకల్లాగా. కొండ నుంచి వాగు దిగే చోటే రాంచ్, అంటే పశువుల్ని పెంచే పెద్ద కమతం, ఉంటుంది. తూర్పు పాదం వెంట పోయే రోడ్డు కూడా ఆ రాంచ్‌లనే కలుపుకుంటూ పోతుంది.

నీళ్లున్నవాడిదే రాజ్యం అక్కడ. 1872లో పీటర్ ఫ్రెంచ్ అనే ఆయన కాలిఫోర్నియా నుంచి పశువుల మందతో వచ్చి, బ్లిట్జెన్ నది లోయ పట్టుకుని పెద్ద సామ్రాజ్యమే కట్టాడు. చుట్టూ చిన్న రైతులతో భూమి తగాదాలు. చివరికి 1897లో వాళ్లలో ఒకడు ఆయన్ని కాల్చి చంపాడు, కోర్టు వాణ్ని నిర్దోషిగా వదిలేసింది! ఎంత కసి పేరుకుని ఉండాలి చెప్పు.

1934 టేలర్ చట్టం వచ్చాక కూడా ప్రభుత్వ భూముల్లో మేత పర్మిట్లకి సొంత భూమో, నీటి వసతో ఉన్నవాళ్లకే ముందు వరస. ఇదంతా చదివాక మళ్లీ షీటు తీస్తే, ప్రతి ఊటా ఎవరి పొట్టకూటికో సంబంధించిందిగా కనిపిస్తోంది.

ఫైలు మెయిల్లో పెట్టాను. మీ ఆఫీసు ప్లాటర్లో పెద్ద ప్రింటు తీయి. ఫ్రెంచ్‌గ్లెన్ అనే ఊరి దగ్గర మొదలుపెట్టి బ్లిట్జెన్ నది వెంట ఎగువకి పో. ఇరిగేషన్ వాడివి కదా, నువ్వయితే కట్ట ఎక్కడ వేస్తావో గుర్తు పెట్టి పంపు.

నీ
రఘు