మా అంగన్‌వాడీ టీచర్ గారికి, కాకినాడ డీఈఐసీ (పిల్లల సత్వర చికిత్సా కేంద్రం) వాళ్లకి కృతజ్ఞతలు

ఈ పోస్టు పెడతానంటే మా అంగన్‌వాడీ టీచర్ గారు వద్దనే అన్నారు. "నా పేరు మాత్రం రాయకమ్మా, నా డ్యూటీ నేను చేశాను" అన్నారు. అందుకే రాయడం లేదు. పిఠాపురం దగ్గర మా ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారనుకోండి, అది వేరే సంగతి.

మా పాప నెలలు నిండకుండా, 32వ వారంలోనే పుట్టింది. కిలోన్నర బరువు. కాకినాడ జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఎస్‌ఎన్‌సీయూలో, అంటే పసికందుల ప్రత్యేక వార్డులో పెట్టి బతికించారు. నెల తిరక్కముందే కంటి లోపల రెటీనా పరీక్ష కూడా చేయించారు. ముందుగా పుట్టిన పిల్లలకి ఆ పరీక్ష ఆలస్యమైతే చూపే పోవచ్చట. ఆ నర్సమ్మలందరికీ ముందుగా దండం.

ఇంటికొచ్చాక మొదలైంది టెన్షన్. నెలలు గడుస్తున్నా మెడ సరిగ్గా నిలవలేదు, బోర్లా పడలేదు. మా వైపు పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు పంచుతాం కదా. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "బొబ్బట్లు ఎప్పుడు?" అని అడిగేవారు. "నెల తక్కువ పిల్ల, నిదానంగా వస్తుంది లెండి" అని మా అత్తగారు సర్దిచెప్పేవారు. ఆవిడ మాట ఊరికే అన్నది కాదు, చాలామంది పిల్లలు అలాగే అందుకుంటారు.

అంగన్‌వాడీలో బరువు చూసే రోజు. కొక్కేనికి వేలాడదీసే కాటాకి నిక్కరు లాంటి సంచీ ఒకటి ఉంటుంది, పిల్లల కాళ్లు చెరో కంతలోకి దూర్చాలి. మా పాప కాళ్లు దూరలేదు. రెండూ కత్తెరలా ఒకదాని మీద ఒకటి బిగుసుకుపోయాయి. టీచర్ గారు రిజిస్టరు పక్కన పెట్టేసి, "గుడ్డ మార్చేటప్పుడు కూడా ఇలాగే బిగిస్తుందామ్మా?" అని అడిగారు. అవునన్నాను. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తీసి, ఏ నెలకి పిల్లలు ఏం చేయాలో వేసిన బొమ్మలు ఒక్కొక్కటీ చూపించారు. "నిదానంగా వస్తే మంచిదే. కానీ ఆ మాట డాక్టరు గారు చూసి చెప్పాలి" అన్నారు. 104 బండి ఊళ్లోకి వచ్చిన రోజు ఆవిడే పాపని ఎత్తుకుని దగ్గరుండి చూపించారు. పీహెచ్‌సీ డాక్టరు గారు చీటీ రాసి డీఈఐసీకి పంపించారు.

అప్పటిదాకా ఆ పేరే వినలేదు నేను. సత్వర చికిత్సా కేంద్రం అంటారు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడుస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషణ లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఇవన్నీ 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితంగా చూస్తారు. అక్కడి డాక్టరు గారు పాప వయసు పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టలేదు, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టారు. ఎనిమిది నెలల పిల్లని ఆరు నెలల పిల్లగా చూసినా వెనకబడే ఉంది. "జబ్బు పేరు తేలేదాకా ఆగక్కర్లేదు, వ్యాయామాలు ఇవాళే మొదలుపెడదాం" అన్నారు.

ఇక ఫిజియోథెరపీ మేడమ్ గురించి ఎంత రాసినా తక్కువే. పాపకి ఆవిడ చేసింది కాసేపే, మా చేత చేయించింది ఎక్కువ. రెండు కాళ్లూ దగ్గరికి చేర్చి భుజాన వేసుకోవద్దని, కాళ్లు చెరో వైపు వచ్చేలా చంకన ఎత్తుకోమని చూపించారు. మెలకువగా ఉన్నప్పుడు ఛాతీ కింద తువ్వాలు చుట్టి పెట్టి బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా గిలక ఆడించమన్నారు. మా ఆయన వాకర్ కొంటానంటే గట్టిగా వద్దన్నారు. గోడ మూలలా ఉండే కుర్చీ ఒకటి కావాలని కాగితం మీద గీసిస్తే, మా వీధి వడ్రంగి బాబాయి పాత చెక్కలతో చేసిచ్చి డబ్బులు పుచ్చుకోలేదు. బాబాయ్, మీకు కూడా థాంక్స్.

మధ్యలో ఎవరో చెప్పారని ఒక చోటికి తీసుకెళ్తే, మెదడుకి బలమంటూ ఖరీదైన మందులు రాశారు. ఆ చీటీ చూసి డీఈఐసీ డాక్టరు గారు ఇవేవీ అక్కర్లేదన్నారు. మిగిలిన డబ్బులు బస్సు చార్జీలకి పనికొచ్చాయి.

ఇప్పుడు పాప తనంతట తనే కూర్చుంటోంది. కుడుములు వండిన రోజు మా అత్తగారు మేడమ్‌కి ఒక డబ్బా కట్టిచ్చారు. గోడ పట్టుకుని లేస్తోంది గానీ మడమలు ఇంకా పూర్తిగా నేలకి ఆనడం లేదు, పాదాలు సరిగ్గా నిలిపే స్ప్లింట్లు వేస్తున్నాం. బాగా నడుస్తుందా అని అడిగితే మేడమ్ తియ్యటి మాటలేం చెప్పలేదు. "చేస్తూ ఉందాం, చూద్దాం" అన్నారు. అలా ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆవిడంటే నాకు ఇంకా గౌరవం.

మీ పిల్లల విషయంలో ఇలాంటి అనుమానం ఏదైనా ఉంటే మీ అంగన్‌వాడీలోనో, ఏఎన్‌ఎం గారినో అడగండి. డీఈఐసీకి వెళ్లేటప్పుడు ఎంసీపీ కార్డు, పుట్టినప్పటి డిశ్చార్జి కాగితాలు తప్పకుండా పట్టుకెళ్లండి. అవి ఉంటే మొదటి రోజే పని మొదలవుతుంది.