ఆటోవాక్యూమ్ చూడని టేబుల్ ఒకటుంది

సంపాదకులకు,

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెద్ద టేబుల్‌ను నెలవారీ పార్టిషన్లుగా (ముక్కలుగా) విడగొట్టడం నేర్పే నోట్సుల్లో చివరికొచ్చేసరికి 'మిగతాది ఆటోవాక్యూమ్ చూసుకుంటుంది' అని తేల్చేస్తుంటారు. ఆ మాట సగమే నిజం. ఆటోవాక్యూమ్ అంటే టేబుళ్లను శుభ్రం చేస్తూ, వాటి గణాంకాలను తాజాగా ఉంచే నేపథ్య ప్రక్రియ.

ఆటోవాక్యూమ్‌కు కనిపించేవి పార్టిషన్లే. ఒక్కోదాన్నీ విడి టేబుల్‌గానే లెక్కేస్తుంది. బిల్లుల టేబుల్‌లో ఏప్రిల్ పార్టిషన్‌కు 10 లక్షల వరుసలున్నాయనుకోండి. డిఫాల్ట్ సెట్టింగుల ప్రకారం 50కి తోడు 10 శాతం, అంటే మార్పులు 1,00,050 దాటితే ఆ పార్టిషన్‌కు ఎనలైజ్ (గణాంకాల సేకరణ) జరుగుతుంది. చచ్చిన వరుసలు (తీసేసిన, మార్చిన వరుసల పాత ప్రతులు) 2,00,050 దాటితే వాక్యూమ్, అంటే వాటిని ఊడ్చేయడం. పార్టిషన్లన్నిటికీ పైనున్న పేరెంట్ టేబుల్‌లో సొంతంగా ఒక్క వరుసా ఉండదు, పార్టిషన్లలో మార్పులు దాని ఖాతాలో పడవు. దాని వంతు ఎప్పటికీ రాదు.

ఖాళీ టేబుల్‌కు గణాంకాలెందుకంటారా? ఒక్కో పార్టిషన్ నుంచి ఎన్ని వరుసలొస్తాయో ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) ఆ పార్టిషన్ గణాంకాలతోనే అంచనా వేస్తుంది. జాయిన్లకూ (టేబుళ్లను కలపడం) గ్రూప్ బైకీ (వరుసలను గుంపులు చేయడం) మాత్రం పేరెంట్ పేరిట ఉన్నవాటినే చూస్తుంది. అవి లేకపోతే, కస్టమర్ నంబరు మీద గ్రూప్ బై వేసినప్పుడు 200 గ్రూపులే వస్తాయనుకుంటుంది. నిజంగా 8 లక్షలుంటే? 200కు సరిపోతుందని, గ్రూపులన్నిటినీ మెమరీలో ఉంచుకునే హ్యాష్ పద్ధతి ఎంచుకుంటుంది. కేటాయించిన మెమరీ నిండాక 13వ వెర్షన్ నుంచి డేటా డిస్కు మీదకు పొంగుతుంది, అంతకుముందు వెర్షన్లలోనైతే మెమరీ వాడకం హద్దు దాటిపోయేది. ప్లానర్ ఎంచుకున్న పద్ధతిని చూపించే ఎక్స్‌ప్లెయిన్‌లో గ్రూపుల అంచనా సరిగ్గా 200 అని కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కాబట్టి పేరెంట్‌కు ఎనలైజ్ మనమే నడపాలి: మొదట డేటా నింపాక, పార్టిషన్ తగిలించినా తీసేసినా, ఆపైన క్రాన్‌లో (పనులను వేళకు నడిపే సాధనం) క్రమం తప్పకుండా. 17వ వెర్షన్ వరకు ఈ కమాండ్ పేరెంట్‌తో పాటు పార్టిషన్లన్నిటినీ తిరగేస్తుంది. వందల పార్టిషన్లుంటే రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు. 18లో 'ఓన్లీ' చేర్చి పేరెంట్ ఒక్కదానికే చేయొచ్చు. శాంపిల్ వరుసలు అప్పుడూ పార్టిషన్ల నుంచే తీస్తుంది, కానీ వాటి గణాంకాలు ముట్టుకోదు. చదవడం, రాయడం ఆగవు. కొత్త పార్టిషన్ తగిలించే స్క్రిప్టు అదే సమయానికి నడిస్తే మాత్రం రెండింట్లో ఒకటి లాక్ కోసం కాచుక్కూర్చుంటుంది. రెండు పనులకూ వేర్వేరు సమయాలు పెట్టండి.

14వ వెర్షన్ బీటాలో పేరెంట్‌కూ ఆటో ఎనలైజ్ చేర్చి, విడుదలకు ముందే తీసేశారు. బీటా చూసి రాసిన పాఠం చేతికొస్తే నమ్మకండి.

స్కేల్ ఫ్యాక్టర్ (పైన చెప్పిన 10 శాతం) లాంటి ఆటోవాక్యూమ్ సెట్టింగులు పేరెంట్ మీద పెట్టబోతే ఎర్రర్ వస్తుంది. ఏప్రిల్ పార్టిషన్‌కు పెట్టినవి మే పార్టిషన్‌కు వాటంతట అవి రావు, నెలవారీ స్క్రిప్టులోనే రాసుకోవాలి. పేరెంట్ పరిస్థితి తెలియాలంటే 14 నుంచి టేబుళ్ల స్థితి చూపే పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్‌లో దాని వరుస చూడొచ్చు. లాస్ట్ ఆటోఎనలైజ్ గడి ఎప్పుడూ ఖాళీయే. పక్కనున్న లాస్ట్ ఎనలైజ్ గడి కూడా ఖాళీగా ఉంటే ఆ టేబుల్‌ను ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదన్నమాట.

— డేటాబేస్ నిర్వాహకులు, హైదరాబాద్