విచారించాల్సింది పాఠాన్ని, టీచరు సంసారాన్ని కాదు

సంపాదకులకు,

గత ఆదివారం మీ జిల్లా పేజీలో లెక్కల టీచరు మీద వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. భర్తతో విడిపోయి ఒంటరిగా ఉంటోందని ఆమె మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాయడం, దాన్ని పట్టుకుని పై అధికారులు విచారణ వేయడం! ఆ ఉత్తరం స్టాఫ్‌రూమ్‌లోనే పుట్టిందని ఊరంతా అనుకుంటోంది. అంత పెద్ద వార్తలో ఆమె పాఠం ఎలా చెబుతుందో ఒక్క ముక్క లేదు. ఆమె దగ్గర చదివిన పదో తరగతి పిల్లలు లెక్కల్లో ఎంతమంది గట్టెక్కారో కనుక్కోవాలని మీ విలేకరికైనా తోచలేదా?

పెళ్లి చేసుకుందని సైనిక నర్సు సెలీనా జాన్‌ను 1988లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమెకు 60 లక్షల రూపాయలు చెల్లించమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 వచ్చింది. అక్కడ పెళ్లి చేసుకోవడం తప్పయింది, ఇక్కడ విడిపోవడం తప్పయింది. ఆమె రోగులను ఎలా చూసుకుంది, ఈమె పిల్లలకు ఏం నేర్పింది అన్నది ఎవరికీ పట్టలేదు.

నేను ప్రభుత్వ బడుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. బెల్లు కొట్టాక తీరిగ్గా వచ్చి, సంతకం పెట్టి, సొంత పనుల మీద వెళ్లిపోయేవాళ్లను ఎందరినో చూశాను. సిలబస్ సగంలో ఆగిపోయినా వాళ్లను అడిగిన పాపాన పోలేదు ఎవరూ. పెళ్లాం పిల్లలతో కాపురం చేసుకుంటున్న పెద్దమనుషులు కదా! పిల్లల జోలికి వెళ్లేవాడి సంగతి వేరు, అలాంటివాణ్ణి ఒక్కరోజు కూడా బడిలో ఉంచకూడదు. ఈ టీచరు మీద అలాంటి మాట ఆ ఉత్తరంలో కూడా లేదని మీ వార్తే చెబుతోంది.

పూర్వం తనిఖీకి వచ్చినవారు వెనక బెంచీ మీద కూర్చుని పాఠం వినేవారు, పిల్లల నోటుబుక్కులు తిరగేసేవారు. ఇప్పుడు యాప్‌లో ఫొటోలు ఎక్కాయా లేదా అన్నదే తనిఖీ. పాఠం వినే ఓపిక లేని అధికారులకు ఒక ఆడమనిషి ఇంటి విషయాలు ఆరా తీయడానికి మాత్రం తీరిక దొరికింది.

పేరులేని ఫిర్యాదులపై చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ తన పరిధిలోని శాఖలకు 1999లోనే చెప్పింది. మన విద్యాశాఖకు ఆపాటి విచక్షణ ఉండొద్దా? జిల్లా విద్యాశాఖాధికారి ఈ విచారణను వెంటనే ఆపించాలి. మీరు కూడా ఆ బడి లెక్కల ఫలితాలు తెప్పించి, మొన్నటి వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్దగా వేయండి.

— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి