చేయి చాస్తే పట్టుకో

అమ్మలూ,

కుష్ఠు వచ్చి తగ్గినవాళ్ల కాలనీకి వెళ్తున్నానని, గ్లవ్స్ తీసుకెళ్లనా అని అడిగావు. వద్దు. వాళ్లలో చాలామందికి మందుల కోర్సు పూర్తయి ఏళ్లు దాటి ఉంటుంది. క్రిమి పోయింది, అది పాడుచేసిన నరాలే మిగిలాయి. కొత్తగా బయటపడినవాళ్లకైనా రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే అంటించే గుణం పోతుంది. చర్మం మీద మచ్చలు 5 వరకు ఉంటే 6 నెలలు, మించితే 12 నెలలు మందు వాడతారు. పైగా నూటికి 95 మందికి ఈ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. చేయి చాస్తే పట్టుకో.

వేళ్లు వాటంతటవే రాలిపోవు. నొప్పి తెలియదు కాబట్టి కాలే గిన్నెను పట్టుకుంటారు, చెప్పులో మేకు దిగినా నడుస్తారు. దెబ్బ మీద దెబ్బ తగిలి, చీము పట్టి, ఎముక కరిగి వేలు పొట్టిదవుతుంది. టీ ఇచ్చేటప్పుడు పిడి ఉన్న కప్పులో సగమే పొయ్యి. వేడిగా ఉందా అని వాళ్లనడిగి లాభం లేదు, నువ్వే తాకి చూడు.

కాళ్లు కడిగే పనిలో చెయ్యి వేస్తానన్నావుగా. నరాలు పాడై చెమట పట్టని పాదం ఎండి పగులుతుంది, ఆ పగుళ్లలోంచే పుండు. మామూలు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టు. వేడినీళ్లు పొరపాటున కూడా వద్దు, బొబ్బలెక్కినా తెలియదు. గట్టిపడ్డ చర్మాన్ని గరుకురాయితో మెల్లగా రుద్దు, బ్లేడు ముట్టుకోకు. వేళ్ల సందులు పొడిగా తుడిచి, మిగతా పాదానికి తడి ఆరకముందే నూనె రాయి. నూనె తేమను ఇవ్వదు, పీల్చుకున్న నీటిని బయటికి పోనివ్వదు, అంతే. అందుకే ఆరిన కాలికి రాస్తే దండగ. అరికాలు తడిమినప్పుడు ఒకచోట వెచ్చగా తగిలితే లోపల పుండు తయారవుతోందన్నమాట. ఆ కాలికి విశ్రాంతి కావాలి. పుండుకు ఏ మందుకన్నా నడవకపోవడమే పెద్ద మందు, కానీ రోజు కూలికి వెళ్లేవాళ్లకు అది చెప్పినంత తేలిక కాదు. తెరిచిన పుండుకు కట్టు కట్టడం నర్సుకు వదిలెయ్. అక్కడ గ్లవ్స్ వేసుకుంటారు, ఏ పుండుకైనా అంతే.

కన్ను ఎర్రబడినా, రెప్ప పూర్తిగా మూతపడకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించమను. నొప్పి లేదంటే ఊరుకోకు.

కానుకగా చెప్పులు కొనాలనుకుంటే వేళ్ల మధ్య పట్టీ ఉన్నవి వద్దు. ఆ వేళ్లకు పట్టు ఉండదు, జారిపోయినా తెలియదు. మేకులు లేనివి, వెనక పట్టీ ఉన్నవి, పైన మెత్తటి ఎమ్‌సీఆర్ (లోపల సన్నటి గాలి గదులుండే మైక్రోసెల్యులర్) రబ్బరు, కింద గట్టి సోలు ఉన్నవి కావాలి. ఆ రబ్బరును రెండు వేళ్లతో నొక్కితే సగం మందానికి దిగాలి. ముందు కొలతలు పట్టుకురా. తెల్లకాగితాలు, పెన్సిలు సంచిలో వేసుకో. మనిషి నిలబడి బరువు మోపినప్పుడే పాదం చుట్టూ గీత గియ్యి. కూర్చోబెట్టి గీస్తే కొలత ఇరుకైపోతుంది.

నాన్న