దాణా బస్తాలు ఒకసారి విప్పి చూడండి
అన్నలూ, అక్కలూ, యలహంక వైపు ముసురు వదలడం లేదు కదా. పొద్దున మా షెడ్డులో గోడకు ఆనించిన వేరుశనగ చెక్క బస్తా లాగితే అడుగంతా చెమ్మ. ఒక పెళ్ల విరిచాను. పైకి శుభ్రంగానే ఉంది, లోపల పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు, ముక్కిన వాసన. పది రోజులుగా జెర్సీ ఆవు దాణా సగం వదిలేస్తుంటే నేను పచ్చిగడ్డిని తిట్టుకుంటూ ఉన్నాను!

ఇలాంటి బూజు నుంచి వచ్చే విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ పిండి దగ్గర దీని గుట్టు బయటపడింది. మొదటి దెబ్బ కాలేయానికే. మేత, పాలు తగ్గుతాయి, జబ్బులు తొందరగా అంటుకుంటాయి. దూడలు అసలు తట్టుకోలేవు.

నా టెన్షన్ పాల గురించి. ఆవు తిన్న ఒక రోజులోపే ఈ విషం ఒంట్లో కొంచెం మారి, అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. మన దేశంలో పాలలో ఈ ఎం1కు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. ఆ దాణా ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలలో బాగా తగ్గిపోతుంది.

బూజు గీకేసి ఎండబెట్టి పెట్టకండి (పోయినేడు నేనూ అదే చేశాను, తిట్టండి). బూజు పోయినా విషం అలాగే ఉంటుంది. కొట్టాయన బస్తా వెనక్కి తీసుకోనన్నాడు, గొయ్యి తీసి పూడ్చేశాను. మిగతావి చెక్క పలకల మీదికి ఎక్కించి, గోడకు జానెడు ఎడంగా జరిపాను.

ఎవరి ఆవైనా మేత మానేసి ఉంటే డాక్టరు దగ్గరికి గుప్పెడు దాణా కూడా పట్టుకెళ్లండి.